ముక్కుతో మింగిన మందు

మా షిఫ్ట్ ఇన్‌చార్జి సార్ ఇక లేరని సోమవారం పొద్దున కంపెనీ బస్సు డ్రైవర్ చెప్పాడు. "మల్ల పక్షవాతం కొట్టిందట అన్నా. దవఖానకు తీస్కపోయేలోపే అయిపోయిండు." అబద్ధమెందుకు, నాకు ముందు ఏడుపు రాలేదు. భయం వేసింది. చెయ్యి జేబులోని గోలీల స్ట్రిప్పు మీదికి పోయింది.

పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీలో మాది పొడి విభాగం. కొలెస్ట్రాల్ తగ్గించే మందును ఆరబెట్టి, జల్లించి, డ్రమ్ముల్లో నింపేవాళ్ళం. మాస్కు కట్టుకున్నా ఆ పొడి కనుబొమ్మల మీద తెల్లగా పేరుకునేది. నాకు బీపీ, కొలెస్ట్రాల్ రెండూ ఉన్నాయని తేలింది. డాక్టర్ రాసిన రెండు గోలీల్లో ఒకటి మేం తయారుచేసే మందే! విభాగమంతా నవ్వింది. "దినాం ముక్కులకెల్లి పోతనే ఉన్నది, ఇంక గోలీ ఎందుకే?" అన్నారు. నాకూ నిజమే అనిపించింది. బీపీ గోలీ వేసుకుంటూ, రెండోది ఎనిమిది నెలలు మానేశాను.

ఆ సంగతి తెలిసిన రోజు సార్ కోప్పడలేదు. కోస్తా నుంచి వచ్చి పోతిరెడ్డిపల్లిలో స్థిరపడిన మనిషి, మాట మెత్తన. సగమే పనిచేసే తన ఎడమచేతిని కుడిచేత్తో ఎత్తి బల్ల మీద పెట్టారు. "ఇదెందుకిలా అయిందో తెలుసా అబ్బాయ్? నేనూ రెండేళ్ళు ముక్కుతోనే మింగాను" అన్నారు.

తర్వాత పాత రబ్బరు గొట్టం ముక్క తెచ్చి వంచబోయారు. వంగలేదు. "బీపీ ఉన్నవాడి రక్తనాళం ఇంతే. లోపలి పొర దెబ్బతిని, సాగాల్సినప్పుడు సాగదు. ఈ మందు కొవ్వు తగ్గించడమే కాదు, ఆ పొరను కాస్త కుదుటపరుస్తుందని డాక్టరు గారు చెప్పారు. అలాగని బీపీ గోలీ మానకు. రెండూ వేసుకో."

"పాడైంది మల్ల మంచిగయితదా సార్?"

"కొంత అవుతుందంటారు. ఎంతో నాకూ తెలీదు."

ఊరికే ధైర్యం చెప్పే మనిషి కాదు. అందుకే ఆయన మాట నమ్మాను.

మర్నాటి నుంచి నేను బస్సెక్కగానే మూడో సీటులోంచి "నిన్నటిది?" అనేవారు. స్ట్రిప్పు ఎత్తి ఖాళీ గూడు చూపించాలి. చూసి, తల ఊపి, పేపరు చదువుకునేవారు. ఒకసారి మర్చిపోయి, ఆ గోలీని పారేసి ఖాళీ గూడు చూపించాను. ఎలా పట్టుకున్నారో! "నన్ను ఏమార్చగలవు గానీ నీ రక్తాన్ని ఏమారుస్తావురా?" అన్నారు. ఓ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరో ఆవకాయ డబ్బా చాపితే, బీపీకి ఉప్పు పడదని వాసన మాత్రం చూసి మూత పెట్టేశారు. "నా ముక్కుకి ఇది చాల్లే" అని నవ్వారు.

ఆ చెయ్యి పడిపోయాక ఆయన ఒక్క గోలీ కూడా మానలేదు. అయినా పోయారు. ఆ రెండేళ్ళే తీసుకుపోయాయా? మరి నా ఎనిమిది నెలలు లోపల ఏం చేసి పెట్టాయి? ఎవరినీ అడగలేకపోతున్నాను. చెప్పగలిగిన ఆ ఒక్క మనిషీ ఇప్పుడు లేరు.

మంగళవారం బస్సెక్కాను. మూడో సీటు ఖాళీగా ఉంది, ఎవరూ కూర్చోలేదు. అలవాటుగా చెయ్యి లేచింది, స్ట్రిప్పుతో సహా. డ్రైవర్ అద్దంలో చూశాడు.

"ఏస్కున్నవ్ గదా అన్నా. ఇగ కూసో" అన్నాడు మెల్లగా.

బస్సు కదిలింది. చెయ్యి దించబుద్ధి కాలేదు.