కోస్టరు కిటికీలో తువ్వాల

మా గోదాముకు బస్సులు నడిపే కంపెనీ చరిత్ర రాయమంటే నేను ఏ రాజుల చరిత్రకూ తీసిపోకుండా రాయగలను. ఆదియుగంలో, అంటే 2020 మొదట్లో, ఒకటే బస్సు. దుబాయ్‌లో మేముండే లేబర్ క్యాంపు నుంచి గోదామున్న జెబెల్ అలీ దాకా మూటలు మోసేవాళ్లం, కంప్యూటర్లు నొక్కేవాళ్లు, అందరం అందులోనే. ముందు సీట్లు ఆఫీసువాళ్లవి, అది వేరే మాట.

అప్పట్లో నేనూ మూటల జట్టే, మా అక్క మొగుడూ మూటల జట్టే. పొద్దున నా నిద్ర చూస్తే కుంభకర్ణుడు సిగ్గుతో ఉరేసుకునేవాడు. అందుకని బావ ముందే వెళ్లి, బస్సు కిటికీలోంచి తన ఎర్రగళ్ల తువ్వాల నా సీట్లో వేసేవాడు. తువ్వాల పడ్డ సీటు మనది. మన ఎర్రబస్సుల్లో పుట్టిన ఆ రాజ్యాంగాన్ని బావ దుబాయ్‌లో అమలు చేశాడు. ఏడడుగుల పఠాన్లు కూడా ఆ గుడ్డముక్కకు జడిసి పక్కకు జరిగేవారు.

కరోనా వచ్చింది. లేబర్ వల్ల అంటుకుంటుందని ఆఫీసువాళ్లకు వేరే చిన్న బస్సు, కోస్టరు, పెట్టారు. ఆఫీసువాళ్ల తెల్ల కార్డుకు కోస్టరు, మా నీలి కార్డుకు పెద్ద బస్సు. కరోనా పోయింది. కోస్టరు పోలేదు.

మరుసటేడు నన్ను స్టోరు గుమాస్తాను చేసి తెల్ల కార్డిచ్చారు. కోస్టరులో ఏసీ ఎంత చల్లనంటే, ఆగస్టులో కూడా నేను రగ్గు కప్పుకుని గురకపెట్టేవాణ్ణి.

ఆ ఆగస్టులోనే ఒక సాయంత్రం పెద్ద బస్సు ఏసీ చచ్చింది. దాని రేకు మీద అప్పడం పెడితే క్యాంపు చేరేలోపు బొగ్గయ్యేది. బావకు మధ్యాహ్నం నుంచీ వాంతులు. మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. కోస్టరులో పదకొండు సీట్లు ఖాళీ. బావ మెడలో తువ్వాల లాగి, కోస్టరు కిటికీలోంచి నా పక్క సీట్లోకి విసిరాను.

“యల్లా బావా, ఎక్కు.”

“నాది నీలి కార్డురా.”

“తువ్వాల పడ్డంక కార్డేంది? ఎక్కు!”

ఎక్కాడు. చల్లగాలి తగలగానే కళ్లు మూసుకున్నాడు. అంతలో బస్సుల సూపర్‌వైజరు వచ్చాడు. నెల్లూరాయన, మనవాడే. తువ్వాల కొసను చచ్చిన ఎలుక తోకలా రెండు వేళ్లతో ఎత్తాడు.

“ఎవురిదబ్బా ఇది? సీటు పట్టింది ఎవురు?”

గోదాములో ఎనిమిది వందల రకాల సరుకును చీకట్లో తడిమి పేరు చెప్పే నేను, ఆ తువ్వాలను గుర్తుపట్టలేకపోయాను.

“నాదే సారూ,” అన్నాడు బావ. “పొరపాటున ఎక్కిన.”

“దిగు దిగు. నా పైనున్న ముదీర్ చూస్తే నా ఉద్యోగం ఖలాస్.”

దిగాడు. నేను దిగలేదు. పదకొండు ఖాళీ సీట్లూ నాతోపాటు చల్లగా, దర్జాగా క్యాంపుకొచ్చాయి. వెనకొచ్చిన పెద్ద బస్సులోంచి బావను ఇద్దరు మోసుకుని దించారు.

మూడు రోజులు సెలైన్లు ఎక్కించాక లేచాడు. నాలుగో పొద్దున నేను అలారం కంటే ముందే లేచి పెద్ద బస్సు దగ్గరికి పోయాను. బావ కిటికీ పక్కన కూర్చున్నాడు. తువ్వాల మెడలోనే ఉంది. పక్క సీటు ఖాళీ.

“బావా, ఇయ్యాల నేనూ దీంట్లనే వస్త. తువ్వాల వెయ్.”

తిడితే బాగుండు. కొడితే ఇంకా బాగుండు.

“తెల్ల కార్డున్నది గద బామ్మర్దీ,” అన్నాడు మెల్లగా. “నీకు తువ్వాలెందుకు?”

పోయి కోస్టరెక్కాను. పెద్ద బస్సు మా వెనకే బయల్దేరింది. అన్నేసి సీట్లు ఖాళీగా ఉన్నా, డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాను. అక్కణ్ణుంచి చూస్తే ముందు రోడ్డు తప్ప ఇంకేమీ కనబడదు.