సున్నా చూపిన మీటరు

ఈ సీజన్‌కు మిల్లు తెరిచిన రోజు, బీరువా మూలలో ఎవరి కంటా పడకుండా మిగిలిన, కరెంటు ఉందో లేదో చూసే ఒక పాత చేతి మీటరు వెనక మూత విప్పగానే తుప్పు కలిసిన ఘాటు వాసన ముక్కుకు తగిలింది. సెల్లు ఉబ్బి, కారి, స్ప్రింగుల మీద తెల్లగా, పచ్చగా ఉప్పులాంటి పొడి పేరుకుంది. రత్నం సార్ పోయి చాలా కాలమైంది. అయినా ఆ పొడి కనబడితే నాకు కాలు ఒకచోట నిలవదు.

డిప్లొమా పూర్తిచేసి వరంగల్ శివారులో పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లులో చేరినప్పుడు ఎలక్ట్రికల్ ఫోర్‌మన్ ఆయనే. కాజీపేట మనిషి. చర్చిలో ప్రార్థన మధ్యలో లేచి, ఇంట్లో మోటారు ఆపానో లేదోనని చూసుకోవడానికి వెళ్లేవారని వాళ్లావిడ నవ్వుతూ చెప్పేది. టీ గ్లాసు చేత్తో పట్టుకుని ప్యానెళ్ల మధ్య తిరుగుతూనే ఉండేవారు. సగం టీ చల్లారి నేల పాలయ్యేది. ఎండాకాలం మిల్లు మూసే రోజు మీటర్లన్నింటిలోంచి సెల్లు స్వయంగా తీసేవారు. "ఎండకు ఈ బీరువా పొయ్యి లెక్క ఉడుకుతది బిడ్డా. సెల్లు కారితే లోపలి తీగలను తింటది," అనేవారు. ఇంత చాదస్తమేమిటని నాకు విసుగొచ్చేది.

ఒక ఏడాది మిల్లు మూసేనాటికి ఆయన కడుపు ఆపరేషనై దవాఖానలో ఉన్నారు. నేనేమో అక్క కాన్పుకని మరిపెడ వెళ్లాను. తిరిగొచ్చాక చూడబోతే, పరామర్శ కూడా పూర్తికాకుండానే, "సెల్లు తీసిండ్రా?" అని అడిగారు.

"మేనేజర్ సార్ తీయించిన అన్నడట గదా సార్."

"అన్నడు. నువ్వు కండ్లార సూసినవా?"

చూడలేదు, నేనొచ్చేసరికే మిల్లుకు తాళం పడిందన్నాను. ఆయన లేవబోయి, కుట్లు లాగితే మళ్లీ పడుకున్నారు. ఆ తర్వాత నేను ఏం మాట్లాడినా ఆయన చెవికెక్కలేదు.

నిజానికి ఎవరూ తీయలేదు. కొత్త సీజన్ మొదలయ్యే రోజు బీరువా తెరిస్తే మీటర్లన్నింటిలో సెల్లు కారిపోయి ఉన్నాయి. గేటు బయట రైతుల పత్తి ట్రాక్టర్లు బారులు తీరాయి. మేనేజర్ ఒక మీటరు తీసుకుని, పొడిని స్క్రూడ్రైవర్‌తో గీకి, కొత్త సెల్లు వేశాడు. అంకెలు వెలిగాయి. "పనిచేస్తాంది గదా, ఇగ కానియ్యి," అని నా చేతికిచ్చాడు.

కరెంటు ఆపడానికి మెయిన్ స్విచ్ దించి, వదులైన తీగ బిగించడానికి ప్యానెల్ తెరిచాను. మీటరు పెట్టి చూస్తే సున్నా. కరెంటు లేదనుకుని చెయ్యి చాపాను.

"ఆగు!"

నెలలైనా పుండు పూర్తిగా మానక డాక్టరు ఇంకా విశ్రాంతి అన్నా వినకుండా వచ్చేశారు రత్నం సార్. కడుపు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో నా భుజం వెనక్కి లాగారు. అదే మీటరును, వేరే లైను మీద ఫ్యాన్ తిరుగుతున్న ఆఫీసు గదిలోని ప్లగ్గులో పెట్టారు. అక్కడా సున్నా. టెస్టర్ తెప్పించి నేను ముట్టబోయిన తీగకు తాకిస్తే బల్బు ఎర్రగా వెలిగింది. నెలలపాటు కదలక మెయిన్ స్విచ్చు లోపలి ఒక రేకు అతుక్కుపోయి, దించినా కరెంటు వస్తూనే ఉంది. మీటరు లోపల సెల్లు రసం పాకి రాగి గీత తెగిపోయింది.

సార్ మొదటిసారి స్టూలు మీద కూలబడ్డారు. "వెలగకుండ ఉంటే పారేస్తుంటిమి బిడ్డా. వెలిగింది గదా, అందుకే నమ్మినవ్."

మేనేజర్ మాత్రం గేటు వైపు చూస్తున్నాడు. "ట్రాక్టర్లు ఆగినయి సార్, జర జల్ది..."

"ఆగనియ్యి. పత్తి ఆగుతది. ఈ పిల్ల పోతే ఎవలు తెస్తరు?"

ఆ రోజు మిల్లు నడవలేదు. రైతులు అరిచారు, యజమాని ఫోన్లో తిట్టాడు. మేమిద్దరం వెనిగర్‌లో ముంచిన పళ్ల బ్రష్షుతో మీటర్లు తోమి, స్పిరిట్‌తో తుడిచి, ఆరబెట్టి, ఒక్కొక్కటీ కరెంటున్న ప్లగ్గులో పరీక్షించాం. కొన్ని బతికాయి. నన్ను మోసగించినదాని వైర్లు మాత్రం సార్ కత్తెరతో కత్తిరించేశారు. మరుసటి సీజన్‌కు ఆయనను పనికి పిలవలేదు. వాళ్లింటికి వెళ్లి ఏడిస్తే, "ఫికర్ జేయకు, నువ్వున్నవ్ గదా ఆడ," అన్నారు, వాకిట్లో అటూ ఇటూ నడుస్తూనే.

ఇప్పుడు ఆ పని నాది. తీగను ముట్టేముందు కరెంటున్న చోట మీటరును పరీక్షిస్తాను, తర్వాత తీగను చూస్తాను, మళ్లీ మీటరును పరీక్షిస్తాను. ఎవరైనా "తీసినం మేడం" అంటే చాలదు, మూత విప్పి చూపించమంటాను. ఈమెకు మనశ్శాంతి లేదని వెనక అనుకుంటారు. నిజమే, లేదు. నా కింద పనిచేసేవాళ్లంతా సాయంత్రం ఇళ్లకు చేరారని తెలిసేదాకా నాకది అక్కర్లేదు.