అందరితో పాటే

నా చిన్నప్పుడు మా ఇంట్లో రోజూ వినపడే మాట ఒకటుండేది: "ఏం లేదులే." ఢిల్లీలో నాన్నకిచ్చిన రెండు గదుల సర్కారీ క్వార్టర్‌లో మా మేనత్త కూడా మాతోనే ఉండేది. ఆవిడకు వినికిడి తక్కువ. రవికెకు తగిలించుకున్న చిన్న పెట్టె, దాన్నుంచి చెవి దాకా తీగ, అదీ ఆనాటి మిషను. ఎదురుగా కూర్చుని నిదానంగా చెబితే ఆవిడకు అన్నీ తెలిసేవి. కానీ అంత ఓపిక ఎవరికి? మేమంతా పగలబడి నవ్వుతుంటే "ఏమిటర్రా?" అని ఆశగా అడిగేది. "ఏం లేదులే" అనేవాళ్లం.

ఒక సెలవు రోజున నాన్న బదిలీ సంగతి తేలాలి. ఆగుతుందో, మూటాముల్లె సర్దుకోవాలో పై ఆఫీసరు ఫోన్ చేసి చెబుతానన్నారట. ఫోను పక్కింట్లో ఉండేది. నాన్న పొద్దుటి నుంచీ గదిలోకీ వాకిట్లోకీ తిరుగుతూనే ఉన్నారు. సరిగ్గా ఆయన స్నానానికి వెళ్లినప్పుడే పక్కింటి ఆంటీ వచ్చి, అత్త ఎదురుగా నిలబడి ఏదో చెప్పి వెళ్లింది.

నాన్న తల తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చారు. "ఏమందక్కా?"

"ఏం లేదులే" అంది అత్త, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

"ఫోనొచ్చిందా?"

"నీకెందుకు, తర్వాత చెప్తాలే."

నాన్న మొహం ఎర్రబడింది. "చెప్పవే! ప్రాణం తోడేస్తున్నావు" అని అరిచారు. అప్పుడు అత్త చేతిలోని కాయ పక్కన పెట్టింది.

"బదిలీ ఆగిందిరా. ఈ కాసేపటికే నీకింత గాభరా అయితే, రోజూ ఇలాగే గడిచే నాకెలా ఉంటుంది? మీ నవ్వులన్నీ అయిపోయాక, బతిమాలితే చెప్తారు. చల్లారిన నవ్వు నాకెందుకురా? నాకూ మీ అందరితో పాటే నవ్వాలని ఉంటుంది."

అత్త కళ్లు నిండాయి. నాన్న పక్కన కూర్చుని చిక్కుడుకాయలు అందుకున్నారు. ఆ రోజు నుంచి రేడియో కట్టేసి, అత్తకు ఎదురుగా పీట వేసుకునే మాట్లాడేవారు.

ఇప్పుడు నా వంతు వచ్చింది. మొన్న మా అబ్బాయి నన్ను ఢిల్లీలోనే వసంత్ కుంజ్‌లో ఉన్న వినికిడి మిషన్ల దుకాణానికి తీసుకెళ్లాడు. అక్కడి కుర్రాడు మాస్కు పెట్టుకుని, నా వంక చూడకుండా, మావాడితో హిందీలో గడగడా చెప్పుకుపోతున్నాడు. ఏమంటున్నాడని అడిగాను. "ఏం లేదులే అమ్మా, బయటికి కనపడని చిన్నది తీసేసుకుందాం" అన్నాడు మావాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది! చెవి నాది, చెప్పేదేదో నా మొహం చూసి చెప్పమన్నాను. "భయ్యా, పెహ్లే మాస్క్ హటావో" అని మాస్కూ తీయించాను. ఒక్కొక్కటే పెట్టుకుని, బయట ఆటోల రొదలో నిలబడి మావాణ్ణి మాట్లాడించాను. వాడి మాట తేటగా వినిపించిన దాన్నే తీసుకున్నాను. చెవి వెనక బాగా కనపడుతుంది. కనపడితే ఏం పోయింది?

అయినా మిషనొక్కటే ఏం చేస్తుంది? మా అపార్ట్‌మెంట్ల సొసైటీ మీటింగులో మైకు ఉండదు, అందరూ ఒకేసారి మాట్లాడతారు. మైకు పెట్టమనీ, మాటలు తెర మీద అక్షరాల్లో వేయమనీ ప్రతిసారీ లేచి అడుగుతున్నాను. సెక్రటరీ గారు విసుగు దాచుకుంటూ, "బైఠియే ఆంటీజీ, కూర్చోండి, తర్వాత మీకు విడిగా చెప్తాం" అంటారు.

నాకు చిక్కుడుకాయల ముందు కూర్చున్న అత్త కనపడుతుంది. తర్వాత వద్దు, అందరితో పాటే అంటాను. మైకు వచ్చేదాకా కూర్చోను.