కార్‌పార్క్ ర్యాంపు మీద సన్యాసి తాత

మా చిన్నతనంలో, సింగపూర్‌లోని హౌగాంగ్ ఫ్లాట్‌లో సాయంత్రం ఐదున్నరైతే చాలు... హాల్లో చాప పరుచుకుని టీవీ ముందు కూర్చునేవాళ్ళం, నేనూ తమ్ముడు కిరణూ. జపాన్ కార్టూన్. కొండదారి మలుపుల్లో కార్లు పక్కకి జారుతూ దూసుకుపోయేవి... టైర్ల కింద పొగ, డ్రైవర్ కళ్ళల్లో నిప్పులు.

ఐటీ కంపెనీలు మనవాళ్ళని విమానాల కొద్దీ దింపుకుంటున్న రోజులవి. గుంటూరు నుంచి అలా వచ్చిన నాన్న మాకు ఆదివారాలే కనిపించేవారు.

ఎదురు ఫ్లాట్ సన్యాసి తాత మాత్రం రోజూ వచ్చేవాడు. వాళ్ళ నాన్న తెల్లదొరల కాలంలో శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చాడట. తాత ముప్ఫై ఏళ్ళు ఇక్కడే బస్సు నడిపి రిటైరయ్యాడు. అమ్మ పెట్టిన జంతికలు నములుతూ మాతోపాటే కార్టూన్ చూసేవాడు.

"బాగానే తోలతన్నాడు... మరి బండిలో పేసింజర్లేరీ?" అనేవాడు.

"ఇది రేస్ తాతా! పేసింజర్స్ ఉండరు లా!" అని కిరణ్ ఇక్కడివాళ్ళ మాదిరే మాట చివర 'లా' తగిలించి విసుక్కునేవాడు.

ఒక శనివారం, మా బ్లాక్ పక్కన కార్‌పార్క్ ర్యాంపు మీద కిరణ్ సైకిల్ రేస్ పెట్టాడు. పోటీ వాడితో వాడికే. నేను కింద వాచీ పట్టుకుని నిలబడ్డాను.

"నిన్నటికన్నా స్లో రా... ఇంకోసారి" అన్నాను.

ఆ ఇంకోసారి, కార్టూన్‌లోలా మలుపులో సైకిల్‌ని పక్కకి జార్చబోయి... గోడకి కొట్టుకుని పడ్డాడు.

నా కేకకి అమ్మ పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. ఎవరో కారాపి, ఎక్కించండి, హాస్పిటల్‌కి తీసుకెళ్తానన్నారు. అమ్మ వాణ్ణి ఎత్తబోయింది. అప్పుడే తాత రొప్పుతూ వచ్చి అడ్డం నిలబడ్డాడు.

"కదపకమ్మా! ఎవరూ ముట్టుకోవద్దు. అంబులెన్స్‌కి ఫోన్ చేసొచ్చాను, రానీ."

"బిడ్డ చచ్చిపోతున్నాడు బాబాయ్ గారూ! మీకేం తెలుసు!"

తాత సిమెంటు నేల మీద కూర్చుని, కిరణ్ తలని రెండు చేతుల మధ్య పట్టుకున్నాడు. "నన్నే చూడు నాన్నా... తల తిప్పకు." అంబులెన్స్ వచ్చేదాకా చేతులు కదల్చలేదు. అంతసేపూ అమ్మ ఆయన్ని తిడుతూనే ఉంది...

మెడ ఎముక చిట్లిందన్నారు డాక్టర్లు. ఎత్తి కారులో పడేసి ఉంటే కాళ్ళూ చేతులూ పడిపోయేవట. అమ్మ తాత రెండు చేతులూ కళ్ళకద్దుకుని ఏడ్చింది.

నాలుగు రోజుల తర్వాత, హాస్పిటల్ బెంచీ మీద ఆయన పక్కన కూర్చుని చెప్పేశాను. "ఇంకోసారి అన్నది నేనే తాతా."

తాత మెల్లిగా అన్నాడు. "నా తొలి రోజుల్లో ఒకాయన బస్సు మెట్టు మీంచి పడిపోయాడమ్మా. అందరం కలిసి ఎత్తి లోపలేశాం. నేను స్పీడుగా తోలాను, అదే సాయమనుకుని... ఆయన మళ్ళీ నడవలేదు. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పుకోలేదు నేను. నువ్వలా మోయకు. మీ అమ్మకి చెప్పెయ్."

చెప్పాను. అమ్మ కొట్టలేదు. నా జడ విప్పి, మళ్ళీ అల్లుతూ కూర్చుంది...

కిరణ్ మెడపట్టీ తీసేశాక, హౌగాంగ్‌కి డ్రైవర్ లేని కొత్త ట్రైన్ వచ్చింది. ముగ్గురం ఎక్కాం. తాత ముందు అద్దం దగ్గర నిలబడి, డ్రైవర్ ఉండాల్సిన ఆ ఖాళీ చోటునే దిగేదాకా చూశాడు.

నేను కాలేజీలో ఉండగా తాత పోయాడు. చివరిచూపుకి బ్లాక్ కింద వేసిన కుర్చీల నిండా ముసలి డ్రైవర్లు... చైనీయులు, మలయ్ వాళ్ళు, మనవాళ్ళు. ఒక చైనీస్ అంకుల్ నాతో అన్నాడు. "మీ తాత ఎప్పుడూ లేట్ లా... ఎవరైనా పరిగెత్తుకొస్తుంటే తలుపు వేసేవాడు కాదు. ఆఫీసులో ఎన్ని తిట్లు తిన్నాడో!"

ఇప్పుడు బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో ఫోనే చెప్తోంది. ట్రైన్ తలుపులు సెకన్లు లెక్కబెట్టుకుని మూసుకుంటాయి... ఎవరినీ తప్పు పట్టలేం.

మీ కోసం ఒక్క నిమిషం ఆగిన మనిషి ఎవరైనా గుర్తున్నారా? పేరు తెలియకపోయినా పర్లేదు... రాయండి.