వానలో అభిసారిక

ఈ రోజు మా గోదావరిఖని క్వార్టర్ గోడకు హిమాలయ ప్రాంతపు పహాడీ శైలి చిత్రం ప్రింటు ఒకటి తగిలించాను. చీకటి, వాన, మెరుపులు, కాళ్ల దగ్గర పాములు. వాటి మధ్య ప్రియుడి కోసం ఒంటరిగా వెళ్తున్న అభిసారిక.

పెరుగు తోడు కోసం వచ్చిన పక్కింటి శారదక్క దాని ముందే నిలబడిపోయింది. ఆమె భర్త బొగ్గుగనిలో పనిచేస్తాడు.

"గింత వానల ఎటు వోతున్నది గీ పిల్ల?"

"ప్రేమించినోని దగ్గరికక్కా."

"నేను గూడ ఒకపారి గిట్లనే ఉరికిన. బొగ్గుబాయిల కప్పు కూలిందని ఎవలో అన్నరు. చెప్పులు గూడ ఏసుకోలె."

"బావకేమన్నయిందా?"

"ఏం గాలె. బయట నిలవడి చాయ్ తాగుతుండు. వానల ఎందుకొచ్చినవని నన్నే తిట్టిండు!"

నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

అభిసారిక అక్కడికి చేరాక ఏం జరిగిందో ఈ చిత్రంలో లేదు. మీ ఇళ్లలో ఇలా పరుగెత్తినవాళ్లకు ఏం ఎదురైందో చెప్పండి, వింటాను.