సున్నం పూసిన రాళ్ళు

నాకు కోపం స్టీరింగు పట్టుకుంటేనే వస్తుంది. ఇంట్లో చూసినవాళ్ళు ఆ మాట నమ్మరు. మా ఆవిడ మాత్రం కారెక్కగానే బెల్టు బిగించుకుని కళ్ళు మూసుకుంటుంది. ముందు పోయేవాడు దారివ్వకపోతే నన్ను చులకన చేసినట్టే లెక్క. అందుకని కారుకున్న మామూలు హారన్ పీకించి, లారీలకు పెట్టే రకం, మూడు గొంతులతో అరిచేది పెట్టించాను. ఆ చప్పుడుకు గేదెలు కూడా పక్కకు జరిగేవి. అప్పట్లో అదొక గొప్ప నాకు.

మా ఊరు కావలి నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు మీద ఉంటుంది. వరి పండిస్తాం. కోతలయ్యాక వడ్లు ఆరబోసేది తారురోడ్డు మీదే. సగం రోడ్డు వడ్లకు, సగం బండ్లకు. చక్రాలు వడ్ల మీదకు ఎక్కకుండా అంచు పొడుగునా, అంటే దాదాపు నడిరోడ్డున, తలకాయంత రాళ్ళు వరసగా పేరుస్తాం. నా రాళ్ళకు నేను సున్నం కూడా పూశాను. ఒకడు నా వడ్ల మీద టైరు పోనిచ్చాడని కర్ర పట్టుకుని వాడి వెంటపడ్డాను, ఆ తర్వాత పూసిన సున్నం అది. వడ్లు తొక్కే డ్రైవర్లను బూతులు తిట్టేదీ నేనే, కారులో పోతూ రోడ్డుకడ్డంగా వడ్లు పోసిన రైతును తిట్టేదీ నేనే.

ఆ ఏడు ఆఖరి బస్తా కూడా మిల్లుకు పోయింది. రాళ్ళు తీసెయ్యమని మా ఆవిడ రెండుసార్లు చెప్పింది. తీస్తాలే అన్నాను. మా ఊళ్ళో వడ్లు ఎత్తినంత తొందరగా రాళ్ళు ఎవరూ ఎత్తరు. నేను మాత్రం ఎందుకు ఎత్తాలి?

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి కావలి నుంచి వస్తున్నాను. తొందరేమీ లేదు. ఇది రాయకుండా దాటెయ్యొచ్చు గానీ, ఇంటికి పోయి పడుకోవడం తప్ప ఆ రోజు నాకు వేరే పని లేదు. ఊరు దగ్గర పడుతుండగా మోపెడ్ మీద ఒకాయన తగిలాడు. వెనక పెద్ద గుడ్డల మూట. దారంతా ఎవరివో ఒకరి వడ్లు ఉన్నాయి కాబట్టి మిగిలిన సగం రోడ్డులోనే పోతున్నాడు. హారన్ కొట్టాను. జరగలేదు. కొడుతూనే ఉన్నాను. మా పొలం దగ్గరకు వచ్చేసరికి వడ్లు లేవు, ఎడమపక్కంతా ఖాళీ. ఇప్పుడైనా జరుగుతాడనుకున్నాను. జరగకపోగా ఎడమ చెయ్యి చాచి కిందికి రెండుసార్లు ఊపాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పోరా అంటున్నాడనుకున్నాను. కుడివైపు నుంచి దూసుకుపోయి, ఆయన పక్కకు రాగానే స్టీరింగు ఎడమకు తిప్పేశాను. తగిలించాలని కాదు, బెదరగొట్టాలని. అద్దంలో మూట గాల్లోకి లేవడం కనిపించింది. తిక్క కుదిరిందిలే అన్నాను, పైకే అన్నాను. కారులో ఇంకెవరూ లేరు.

ఇంటి మలుపు తిరగబోతుండగా గుర్తొచ్చాయి నా రాళ్ళు. ఆయన ఎడమకు ఎందుకు జరగలేదో, చెయ్యి కిందికి ఎందుకు ఊపాడో అప్పుడు అర్థమైంది. రాళ్ళున్నాయి చూసుకోమని నాకు చెప్పాడు.

కారు వెనక్కి తిప్పాను. ఆయన కోసం కాదు. మా ఊళ్ళో సున్నం పూసిన రాళ్ళు నా ఒక్కడివే, ఎవరివని అడిగితే ఎవరైనా చెబుతారు. అందుకని తిప్పాను.

ఆయన రోడ్డు మీదే కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి, గళ్ళ చొక్కా. కొత్త బట్టలు చుట్టూ చెల్లాచెదురుగా పడున్నాయి. కుడి మణికట్టు ఉండకూడని వైపు వంగి ఉంది. నేను ముందు రాళ్ళు తీశాను. ఒక్కొక్కటే ఎత్తి కాలవలోకి విసిరాను, అన్నీ అయిపోయేదాకా. ఆయన చూస్తూనే ఉన్నాడు.

"మంచి పని చేస్తా ఉండావన్నా," అన్నాడు. "ఇంకెవురూ పడకుండా."

మంచినీళ్ళ బాటిల్ ఇస్తే వద్దన్నాడు. రోజాలో ఉన్నాడట. కావలిలో కుట్టుమిషను పెట్టుకున్నాడు, రంజాన్ బట్టలు ఇచ్చిరావడానికి సముద్రం పక్క ఊళ్ళకు పోతున్నాడు. పడ్డ బట్టలన్నీ ఏరి కారులో పెట్టాను. ఆయన వాటి వంక చూడలేదు.

"అన్నా, చెయ్యి చూడు. వేళ్ళు కదల్తా ఉండాయా? కత్తెర పట్టే చెయ్యన్నా అది."

కదలడం లేదు. కదులుతున్నాయని చెప్పాను.

దారి పొడుగునా ఆ కారువాణ్ణి తిట్టాడు. తెల్లకారు, అంతకుమించి చూడలేదట. నాదీ తెల్లదే, కానీ ఊరివైపు నుంచి వచ్చింది కాబట్టి అనుమానించలేదు. వాడి చేతులు పడిపోవాలన్నాడు. కాసేపటికి రోజాలో తిట్టకూడదని గుర్తొచ్చి ఊరుకున్నాడు. అంత రద్దీగా ఉన్న కావలి బజారులో నేను ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు. ఎంత నిదానంగా తోలుతున్నావన్నా అని మెచ్చుకున్నాడు. హారన్ విన్నాడంటే నన్ను గుర్తుపడతాడని బొటనవేలు దానికి దూరంగా పెట్టుకున్నాను, అదీ నా నిదానం.

ఆసుపత్రిలో ప్లేట్లు వేశారు. చెయ్యి నిలిచింది గానీ వేళ్ళు సగమే ముడుచుకుంటాయని, కత్తెర పట్టడం ఇక కుదరదని డాక్టరు చెప్పాడు. పడ్డవాణ్ణి ఆసుపత్రికి చేర్చానని మా ఊళ్ళో నన్ను మెచ్చుకున్నారు. మా ఆవిడ కాలవలో తెల్లగా కనబడుతున్న రాళ్ళను చూసింది. ఆ రోజు నుంచి నా కారెక్కలేదు.

హారన్ మార్పించాలని రోజూ అనుకునేవాణ్ణి. రేపు చూద్దాంలే అనుకునేవాణ్ణి, రాళ్ళ సంగతిలాగే.

నాలుగు నెలల తర్వాత ఆయన కబురు పెట్టాడు. పోయాను. చిన్న అంగడి. వాళ్ళావిడ కొలతలు గీసి కత్తిరిస్తోంది, ఆయన పక్కన కూర్చుని చెబుతున్నాడు. ఆమెకింకా చెయ్యి తిరగలేదు, గుడ్డ రెండుచోట్ల పాడైంది. నన్ను చూడగానే లేచి ఒక చొక్కా తెచ్చాడు. ఎడమచేత్తో కుట్టిన మొదటి చొక్కా అట. ఆ రోజు చూసిన అంచనాతోనే నా కొలతలు వేశాడు. ఒక చెయ్యి కాస్త పొట్టి, కాలరు ఒక పక్కకు లాగుతోంది. అక్కడే తొడిగించి గుండీలు తనే పెట్టాడు, ఒక్కొక్క గుండీకి చాలాసేపు పట్టింది. నాకు సిగ్గేసింది. అయినా వేసుకున్న చొక్కాతోనే బయటికి వచ్చాను.

కారెక్కాను. ముందు ఒక ఆటో అడ్డంగా ఆగి ఉంది. డ్రైవరు లోపల ఫోను చూసుకుంటున్నాడు. బొటనవేలు దానంతటదే హారన్ మీదకు పోయింది. మూడు గొంతులూ ఒక్కసారే లేచాయి.

అంగట్లో ఆయన తొక్కుతున్న మిషను ఆగింది. ఆయన గుమ్మంలోకి వచ్చి కారును చూశాడు, తర్వాత నన్ను చూశాడు. దగ్గరకొచ్చి అద్దం దించమన్నట్టు ఎడమ చెయ్యి కిందికి ఊపాడు, రెండుసార్లు.

"చొక్కా ఇప్పి ఇచ్చి పో అన్నా," అన్నాడు.

విప్పాను. గుండీలు నాకు తొందరగానే వచ్చాయి. ఆయన దాన్ని చంకలో పెట్టుకుని లోపలికి పోయాడు, మిషను మళ్ళీ మొదలైంది. బజారులో జనం ఆగి చూస్తున్నారు. ఆటో మాత్రం కదల్లేదు. బనియన్‌తో కూర్చుని, దానంతటది కదిలేదాకా అక్కడే ఉన్నాను.