చింపాంజీకి నూటికి నూరు

ఆ రోజుల్లో నాకు తెలియనిది ఏదీ లేదని గట్టి నమ్మకం. ఎమ్మెస్సీ అయిన వెంటనే టేకులపల్లి దగ్గర ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ గెస్ట్ లెక్చరర్‌గా చేరాను. తనిఖీకి వచ్చే సారు పాఠం మెచ్చితేనే వచ్చే ఏడు కొలువు. "ఆ సారు ఊకోడు మేడం. జర తప్పు వోయినా జూన్ల మీరు పాల్వంచల ఇంట్ల కూసునుడే" అని ప్రిన్సిపాల్ సారు ముందే ధైర్యం చెప్పారు.

నేను మానవ పరిణామం ఎంచుకున్నాను. నెత్తుటిలోని హిమోగ్లోబిన్ ప్రోటీన్‌ను అక్షరాల వరుసగా రాస్తారు. మనిషి వరుసనూ చింపాంజీ వరుసనూ ఇంటర్నెట్‌లో పక్కపక్కన పెడితే ఎన్ని అక్షరాలు తేడాయో అదే చెబుతుంది. తేడా తక్కువైతే చుట్టరికం దగ్గరన్నమాట. రెండు వరుసలూ పిల్లలతో ముందురోజే కాగితాల మీద రాయించాను. ఒకసారి పోల్చి చూసుకోవాలని మాత్రం నాకు తోచలేదు (తెలియనిది లేదు కదా).

సారు వెనక బెంచీలో కూర్చున్నారు. "ఇప్పుడు కొద్దిపాటి తేడా చూడండి" అని దర్జాగా బటన్ నొక్కాను. తెర మీద పోలిక నూటికి నూరు. కంగారులో మనిషిదే రెండుసార్లు పెట్టాననుకుని, అంతా చెరిపి మళ్ళీ పెట్టాను. నూరే. మూడోసారీ నూరే. చెమటలు తుడుచుకుంటూ "సారీ సర్, నెట్‌వర్క్ బాగాలేదు" అన్నాను (పాపం, ఆ రోజు అది బాగానే ఉంది).

అప్పుడు లేచింది, మేం 'ఎందుకమ్మ' అని పిలుచుకునే ఫస్టియర్ పిల్ల. "మేడం, నిన్న నేను వేలు వెట్టి ఒక్కొక్క అక్షరం జూసిన. తేడా లేదు. తప్పెందుకైతది? నిజంగనే రెండు ఒక్కతీరు ఉన్నయేమో."

"కూర్చోమ్మా" అన్నాను పళ్ళు బిగించి.

"చెప్పనియ్యుండ్రి" అన్నారు సారు.

"గొరిల్లాది వెట్టి చూడుండ్రి మేడం. కంప్యూటర్ ఖరాబైతే దానికి గూడ నూరే వస్తది."

పెట్టాను. ఒక్కటంటే ఒక్క అక్షరం తేడా! చింపాంజీది అచ్చం మనదే. "మనకెన్నడు రాని నూటికి నూరు దానికొచ్చిందిర" అని ఎవరో అనగానే గదంతా గొల్లుమంది. నాకూ సంతోషం ఆగలేదు. కొలువు సంగతి మరిచిపోయి, "నేనూ ఇదే మొదటిసారి చూడటం సర్" అని ఉన్నమాట చెప్పేశాను.

సారు తన పుస్తకం మూశారు. "ఆ పిల్లకు ఇంకో ఏడు చదువున్నది కద మేడం. మీరు గూడ ఉండుండ్రి."

ఉండిపోయాను. ఇప్పటికీ ఏటా ఆ పాఠం చెబుతాను. నూరు రాగానే తప్పు పడిందంటూ కంగారు నటించి, ఎవరో ఒకరు లేచి కాదనేదాకా ఆగుతాను. ఎంత బాగా నటించినా, ఆనాడు నిజంగా వణికిపోయిన ఆ ఇరవై మూడేళ్ళ లెక్చరమ్మను మాత్రం అందుకోలేకపోతున్నాను.